వాళ్ళ పౌడర్‌కి వాళ్ళదే పోటీనా?

ప్రశ్న: సార్, చిన్న డిటర్జెంట్ పౌడర్ యూనిట్ పెడదామని చూస్తున్నా. కిరాణా కొట్టుకెళ్లి చూస్తే సర్ఫ్ ఎక్సెల్, రిన్, వీల్ మూడూ ఒకే కంపెనీవి. మంచి సరుకు చేయడం చేతనైనోళ్ళు తక్కువ రకం ఎందుకమ్ముతారు, సొంత బేరం చెడగొట్టుకోవడం కాదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాదండీ, అది మీలాంటోళ్ళు రాకుండా వేసిన కంచె. ఒకప్పుడు పౌడర్ అంటే సర్ఫే, 1959 నుంచి మీరు చెప్పిన ఆ కంపెనీ హిందుస్థాన్ లీవర్‌దే (ఇప్పుడు హిందుస్థాన్ యూనిలీవర్) రాజ్యం, కానీ ఖరీదు, మామూలు ఇళ్ళల్లో సబ్బు బిళ్ళతోనే ఉతుకుడు. ఆ ఖాళీ కర్సన్‌భాయ్ పటేల్‌కి కనపడింది. గుజరాత్‌లో గవర్నమెంటు ల్యాబ్ కెమిస్టు, 1969లో ఇంటి దగ్గరే పసుప్పచ్చ పౌడర్ కలిపి సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు, సర్ఫ్ రేటులో మూడో వంతు కూడా లేదు. సోడా ఎక్కువ, చేతులు మండేవి, అయినా కొన్నారు. లీవర్ వాళ్ళేమో వీళ్ళు మన కస్టమర్లు కాదులే అని కూర్చున్నారు, తీరా 1980ల్లో చూస్తే ఆ పటేల్ పౌడర్, నిర్మా, అమ్మకాల్లో వాళ్ళని దాటేసింది. అప్పుడు గానీ వీల్ దింపలేదు.

కొత్తవాళ్ళని ఆపడానికి రేటు తగ్గిస్తామని పెద్ద కంపెనీవాడు ఎవడైనా బెదిరిస్తాడు, మీరు నిజంగా దిగాక వాడికీ నష్టమే కాబట్టి ఎన్నాళ్ళని తగ్గించి ఉంచుతాడు? తక్కువ రకం సరుకు దింపడం అలాక్కాదు, ఒక రకానికి ఫార్ములా, ప్లాంటు, డీలర్లు కుదిరాక ఆ ఖర్చు ఎటూ అయిపోయింది, ఇక వెనక్కి పోడు, ఆ అరలో మీకు చోటుండదు.

అయితే కొలత కుదరాలి. వీల్ మరీ బాగుంటే సర్ఫ్ కొనేవాళ్ళే కిందికి దిగుతారు, మరీ నాసిగా ఉంటే ఇంకొకడు దూరతాడు. కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంటెల్ ఇలాగే 1998లో చవక కంప్యూటర్లలో పోటీ కంపెనీ ఏఎమ్‌డీని ఆపడానికి సెలెరాన్ అనే చవక చిప్ తెచ్చింది, ఎల్2 క్యాష్ (చిప్ వేగం పెంచే చిన్న మెమరీ) మొత్తం పీకేసి, అది నత్తలా నడుస్తోందని అందరూ తిట్టారు, అదే ఏడాది 128 కేబీ క్యాష్ పెట్టి మళ్ళీ వదిలితే తెగ అమ్ముడుపోయింది.

కంచె ఉన్నా దూకినోళ్ళున్నారు లెండి, కాన్పూర్ వాళ్ళ ఘడీ పౌడర్, వీల్ ఉన్న అరలోకే వచ్చి నిలబడింది. కానీ మీరు కొట్లో ప్యాకెట్ల జోలికి పోకండి, నా మాట వినండి. హాస్టళ్ళు, హోటళ్ళు, ఇస్త్రీ బండ్లోళ్ళకి పాతిక కిలోల బస్తాలేసి చూడండి, ముందు మీ ఊరి బోరు నీళ్ళల్లో నురగొస్తుందో లేదో ఒక బకెట్‌లో కలుపుకోండి.