ఎంపీ ఎన్నికల ఖర్చుకు డబ్బు ఎవరిచ్చారో ఎక్కడ చూడాలి?

శ్రీకాకుళం ఎంపీ ప్రచారానికి చందాలు ఎవరిచ్చారో మామూలు ఓటరు తెలుసుకోగలడా అని అడిగారు. తెలుసుకోవచ్చు. ఆర్‌టీఐ కూడా అక్కర్లేదు. ఏటా వచ్చే 5 కోట్ల ఎంపీ నిధులు వేరే సంగతి, వాటిని దీంతో కలపకండి.

ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోగా ప్రతి అభ్యర్థీ, ఓడినవాళ్లు సహా, ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కు ఇవ్వాలి. లెక్క అందిన రెండు రోజుల్లో కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద ఆ సంగతి పెట్టాలి. రూపాయి ఫీజు కడితే ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు. నకలు కావాలంటే దాని ఫీజు వేరు. ఎచ్చెర్ల వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: మీది శ్రీకాకుళం జిల్లానే అయినా లోక్‌సభకు ఓటు విజయనగరానికి, కాబట్టి విజయనగరం కలెక్టరేట్‌కు వెళ్లాలి.

లెక్కల కాగితాల కట్ట చేతికొచ్చాక మీటింగులు, జీపులు, ఫ్లెక్సీల పేజీల దగ్గర ఆగిపోకండి. మీక్కావలసింది అందులోని షెడ్యూల్ 7, 8, 9 అనే పట్టికలు. ఏడులో అభ్యర్థి సొంత డబ్బు, ఎనిమిదిలో పార్టీ ఇచ్చింది, తొమ్మిదిలో ఇతర వ్యక్తులు, కంపెనీలు ఇచ్చిన చందాలు, అప్పులు ఉంటాయి. ఒక్కొక్కరి దగ్గర నగదుగా 10 వేలకు మించి తీసుకోకూడదు. పలాస జీడిపప్పు వ్యాపారి 50 వేలు ఇస్తానంటే చెక్కో, ఆన్‌లైన్ బదిలీయో కావాలి. ఏ రూపంలో వచ్చినా, నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు తెరిచిన ప్రత్యేక ఖాతాలో పడి, అక్కణ్నుంచే ఖర్చవ్వాలి. అందుకే గులాబీ కాగితాల నగదు రిజిస్టరునూ, పసుపు కాగితాల బ్యాంకు రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి తేదీలు పోల్చండి. షెడ్యూల్ 9లో పేరుండి బ్యాంకు రిజిస్టరులో జమ లేకపోతే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. షెడ్యూల్ 7 పెద్దదిగా ఉంటే నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ (ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం) తీసి, అంత డబ్బు చేతిలోనో బ్యాంకులోనో చూపించారా, అప్పు తెచ్చారా చూడండి.

అసలు చిక్కు షెడ్యూల్ 8 దగ్గర. అక్కడ పార్టీ పేరు, మొత్తం ఉంటాయి తప్ప ఆ డబ్బు పార్టీకి ఎవరిచ్చారో ఉండదు. దాని కోసం ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పార్టీ ఏటా ఇచ్చే విరాళాల నివేదిక చూడాలి. 20 వేలు దాటినవాళ్ల పేర్లే అందులో వస్తాయి. 2024 మే 13న పోలింగ్ జరిగింది కాబట్టి 2023-24, 2024-25 రెండూ తిరగెయ్యాలి; ఒక్కటే చూసి వదిలేస్తే సగం పేర్లు జారిపోతాయి. నివేదికలో ఎలక్టోరల్ ట్రస్టు (కంపెనీల దగ్గర చందాలు తీసుకుని పార్టీలకు పంచే సంస్థ) పేరు కనిపిస్తే, ఆ ట్రస్టుకు ఇచ్చిన కంపెనీల పేర్లు ట్రస్టు సొంత నివేదికలో ఉంటాయి. ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు డబ్బిచ్చే ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. ఆ మార్చిలో బయటపెట్టిన బాండ్ నంబర్లతో 2019 ఏప్రిల్ తర్వాత ఏ కంపెనీ ఏ పార్టీకి ఇచ్చిందో జతచేయొచ్చు. లోక్‌సభ ఎన్నికలయ్యాక 90 రోజుల్లో పార్టీ ఇచ్చే ఖర్చుల పట్టికలో అభ్యర్థులకు పంచిన మొత్తాలుంటాయి. మీ ఎంపీ పేరు పక్కనున్న అంకె షెడ్యూల్ 8తో సరిపోవాలి. సరిపోకపోతే రెండింట్లో ఒక లెక్క తప్పు.

కాగితాల మీద పడని డబ్బు వీటిలో దేంట్లోనూ దొరకదు. ఎంపీ అభ్యర్థి పరిమితి 95 లక్షలు, ఎమ్మెల్యే అభ్యర్థిది 40 లక్షలు. 2024లో రెండు ఎన్నికలూ ఒకేసారి జరిగాయి. ఇచ్ఛాపురం నుంచి ఆమదాలవలస దాకా ఏడు సెగ్మెంట్లలో ఇద్దరూ కలిసి పెట్టిన సభల ఖర్చు ఎవరి ఖాతాలో ఎంత పడిందో చూడాలంటే ఎమ్మెల్యేల లెక్కలు కూడా తియ్యాలి. ఎవరైనా ఉచితంగా ఇచ్చిన జీపుకైనా అధికారుల ధరల పట్టిక ప్రకారం విలువ కట్టి రాయాలి. ఎన్నికల ఖర్చుల పరిశీలకుల బృందం తాను చూసిన ఖర్చులను విడిగా రాసే షాడో రిజిస్టరుతో పోల్చితే తేడాలు ఎక్కువగా ఇక్కడే తేలతాయి.

పరిమితి దాటి ఖర్చుపెట్టారని మీకు గట్టిగా అనిపిస్తే, ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వెయ్యాలి. ఓటరు కూడా వెయ్యొచ్చు. 2024 ఫలితం జూన్ 4న వచ్చింది, లెక్కలకు గడువు జూలై 4, పిటిషన్‌కు జూలై 19. అంటే కట్ట చూసి, లాయరును పట్టుకుని, వెయ్యడానికి మిగిలేది 15 రోజులే. కాబట్టి వచ్చే ఎన్నికల్లో ఫలితం వచ్చిన నాలుగో వారం నుంచే కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద కన్నేసి ఉంచండి.