గిటారు అమ్మకండి, ఇంటర్ ఆపనివ్వకండి

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రెండేళ్లుగా బేస్ గిటారు పట్టుకుని కూర్చుంటున్నాడు. గదిలోంచి టకటకమనే చప్పుడే తప్ప పాటేదీ వినపడదు. బెంగళూరు పిల్లలతో కలిసి ‘ఎక్స్‌పెరిమెంటల్ మెటల్’ బ్యాండు పెట్టాడట. ఇంజనీరింగ్ చేయనంటున్నాడు. గిటారు అమ్మేస్తానని వాళ్ల నాన్న కూర్చున్నారు. వాళ్ల వీడియో ఫోన్లో చూశాను, మావాడు వాయించింది నాకు వినపడనే లేదు. దీంతో వాడు బతకగలడా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ వినపడని సంగతి చెప్తాను. లోపం మీ చెవుల్లో లేదు, అబ్బాయి వాయించడంలోనూ లేదు. బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు లావు తీగలుంటాయి. అన్నిటికన్నా మందపు తీగ సెకనుకు 41 సార్లే కంపిస్తుంది. అంత మంద్రస్వరం ఫోను స్పీకరు పలికించలేదు. ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే పెట్టెకు, కలపకుండా మీటితే పక్కగదికి టకటక మాత్రమే చేరుతుంది. ఈ రాత్రి వాడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాట ఒకసారి బేస్‌తో, ఒకసారి బేస్ లేకుండా వినిపించమనండి. వాళ్ల నాన్నగారిని కూడా కూర్చోబెట్టండి. తేడా ఇద్దరికీ తెలుస్తుంది.

ఇక ఎక్స్‌పెరిమెంటల్ మెటల్. మెటల్ అంటే పెద్ద శబ్దంతో, గరగరలాడే గిటార్లతో, జోరుగా సాగే సంగీతం. అందులోకి జాజ్‌నో జానపదాన్నో తెచ్చి కలిపి, నాలుగు దెబ్బల తాళాన్ని విరిచి ఐదుకో ఏడుకో పదకొండుకో మారుస్తారు. మన కర్ణాటక సంగీతానికి ఇది కొత్తేమీ కాదు. ‘తకిట తకధిమి’ అని లెక్కపెడితే మిశ్రం, ఏడు. ‘తక తకిట’ అంటే ఖండం, ఐదు. మీ ఊళ్లో మృదంగం చెప్పే మాస్టారు ఉంటే అబ్బాయిని ఆర్నెల్లు పంపండి. గిటారు ముట్టకుండా నోటితో జతులు చెప్పి, చేత్తో తాళం వేయడం నేర్చుకుంటే బ్యాండులో వాడి లెక్క ఎప్పుడూ తప్పదు. జాతరల్లో ఉరుములనే డోళ్లు వాయించేవాళ్ల పక్కన నిలబడి వినమని కూడా చెప్పండి. పుల్లతో చర్మాన్ని రాస్తే వచ్చే ఆ మూలుగు ఏ బేస్ వాద్యకారుడికైనా పాఠమే.

చిన్న ఊరి పిల్లలకు ఇవన్నీ ఎందుకు అంటారేమో. అమెరికాలో యురేకా అని కలప, చేపల మీద బతికిన చిన్న ఊరుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు 400 కిలోమీటర్లకు పైనే. అక్కడి హైస్కూలు పిల్లలు 1985లో ‘మిస్టర్ బంగల్’ అనే బ్యాండు పెట్టారు. బేస్ ట్రెవర్ డన్‌ది. పెద్ద రికార్డు కంపెనీ నుంచి వాళ్ల మొదటి ఆల్బమ్ 1991లో వచ్చింది, అంటే ఆరేళ్లకు. డన్ ఊరికి దగ్గర్లోని హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీలో సంగీతం చదివాడు, నిలబెట్టి వాయించే డబుల్ బేస్ నేర్చుకున్నాడు. మెటల్ బ్యాండ్లతో పాటు న్యూయార్క్‌లో జాజ్ సంగీతకారుడు జాన్ జోర్న్ బృందాల్లోనూ వాయించడానికి ఆ చదువు చాలా అక్కరకొచ్చింది. అబ్బాయికి ఈ సంగతి గట్టిగా చెప్పండి. పేరు ఒక బ్యాండు తెచ్చిపెట్టినా, పని మాత్రం పది చోట్ల నుంచి రావాలి.

డబ్బు సంగతి దాచను. సొంత పాటల మెటల్ బ్యాండు ఒక్కదానితో ఇల్లు గడుపుకునేవాళ్లు మన దేశంలో బహు తక్కువ. ఒక షోకి వచ్చింది నలుగురైదుగురు పంచుకోవాలి, సాధన చేసే జామ్ రూముకు గంటల లెక్కన కట్టాలి, బస్సు ఖర్చులు సరేసరి. తిండి పెట్టేవి వేరే: పబ్బుల్లో ఇతరుల పాటలు వాయించే కవర్ బ్యాండ్లు, పెళ్లి సంగీత్‌లు, స్టూడియో రికార్డింగులు, పాఠాలు చెప్పడం, సౌండ్ పని. మన వైపు ఆర్కెస్ట్రాల్లో బేస్‌ను చాలాసార్లు కీబోర్డు మీదే లాగించేస్తారు కాబట్టి పని కోసం బెంగళూరు పోక తప్పదు. పేరున్న విదేశీ మెటల్ బ్యాండ్లు ఐరన్ మెయిడెన్ 2007లో, మెటాలికా 2011లో అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చాయి. 1998లో పుట్టిన అక్కడి మెటల్ బ్యాండు క్రిప్టోస్ యూరప్ దాకా వెళ్లి వాయించింది. అనుకూలమైనది ఒకటుంది: గిటారు నేర్చుకునేవాళ్లు కోకొల్లలు, బేస్ పట్టేవాళ్లు కొద్దిమంది. పాట ఇస్తే రెండు రోజుల్లో నేర్చుకుని, చెప్పిన టైముకు వచ్చే బేసిస్టుకు పిలుపులు వస్తూనే ఉంటాయి.

అందుకే వాడిని ఒకటే అడగండి: మెటల్ కానివి ఎన్ని పాటలు వాయించగలవు? ఇళయరాజావి, రెహమాన్‌వి ఓ ముప్పై రావాలి. స్వరలిపి చూసి వాయించడం రావాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ గ్రేడు పరీక్షల్లో బేస్‌కు విడిగా సిలబస్ ఉంది, ఏడాదిలో ఒకటి రాయించండి.

పదేళ్ల కిందట కడప నుంచి వచ్చిన ఒక అబ్బాయితో ‘ముందు ఇంజనీరింగ్ కానివ్వు, తర్వాత చూద్దాం’ అన్నాను. నాలుగేళ్లు వాద్యం ముట్టలేదు. తర్వాత వేళ్లు మాట వినలేదు, చదువు మీదా మనసు నిలవలేదు. ఆ సలహా నేను ఇవ్వకుండా ఉండాల్సింది.

కాబట్టి మీవాడు ఇంటర్ మంచి మార్కులతో పూర్తి చేయాలి, అందులో బేరం లేదు. పరీక్షలయ్యేదాకా రోజుకు గంట గిటారు. తర్వాత బెంగళూరులో బీకామో, బీసీఏనో, వాడికి నచ్చితే ఆడియో పనికి దగ్గరగా ఉండే ఈసీఈనో చదవనివ్వండి. సంగీతమే చదువుతానంటే 2008లో రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ చెన్నైలో ఉంది. ఫీజు, హాస్టలు కలిపి లెక్క వేసుకున్నాకే అటు చూడండి, అప్పు చేసి మాత్రం వద్దు. బ్యాండులో పాటలు కట్టేటప్పుడు ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోమనండి. పాట కట్టినవాళ్లలో పేరుంటేనే, రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్ ద్వారా వాటా వస్తుంది, స్నేహంలో ఉన్నప్పుడు పిల్లలు దీన్ని వదిలేస్తారు.

ఈ వారమే మీరు చేయాల్సింది ఒకటుంది. జామ్ రూములో డ్రమ్స్ పక్కన నిలబడేది బేసిస్టే. ఆ మోతలో పాడైన వినికిడి తిరిగి రాదు. సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్స్ ఒక జత కొనివ్వండి. వాళ్ల నాన్నగారి చేత్తోనే ఇప్పించండి.