మాత్ ఫొటోలు తెల్లగా, మసకగా వస్తుంటే

విజయవాడలో మీ వరండా లైటు దగ్గర వాలే, సీతాకోకచిలుకల్లాంటి రాత్రి పురుగులైన మాత్‌లను కాంపాక్ట్ కెమెరాతో తీస్తే రెక్కలు తెల్లగా వెలిసిపోయి, మసకగా వస్తున్నాయన్నారు కదండీ. కొత్త కెమెరా కొనకండి, అవసరం లేదు.

మీరు జూమ్ చేసి తీస్తున్నానన్నారు, మసక అక్కడే వస్తోంది. ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి పువ్వు గుర్తున్న మ్యాక్రో మోడ్ (చిన్నవాటిని దగ్గరగా తీసేది) జూమ్ వాడనప్పుడే బాగా దగ్గరగా ఫోకస్ అవుతుంది. జూమ్ చేసే కొద్దీ దూరం జరగాల్సి వస్తుంది. అందుకే జూమ్ పూర్తిగా వెనక్కి తెచ్చి, కెమెరానే మెల్లగా పురుగు దగ్గరకు తీసుకెళ్లండి. రెండు సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కినప్పటి వణుకు కూడా పోతుంది.

తెల్లబడటం ఫ్లాష్ వల్ల. దాని ముందు ఒక పొర టిష్యూ పేపర్ అంటించి, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కాస్త తగ్గించండి.

నన్నడిగితే ఫ్లాష్ అసలు వద్దు. గుంటూరులో మా గోడ మీద రాత్రి వాలిన మాత్‌లు తెల్లవారాక కూడా కదలకుండా కూర్చుంటాయి. ఆ మెత్తటి వెలుగులో రెక్కల మీది పొలుసుల రంగులు ఎంత బాగుంటాయో! అయితే ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను వెంటనే వాడకండి, లెన్స్ మీద ఆవిరి పడుతుంది. పావుగంట బయట ఉంచండి.

మీ ఇంట్లో నందివర్ధనం గానీ గన్నేరు గానీ ఉంటే ఆకుల కింద కూడా చూడండి. ఆకుపచ్చ రెక్కల ఓలియాండర్ హాక్‌మాత్ గొంగళిపురుగులు తినేది ఆ ఆకులనే.