‘పుట్ అప్’ పక్కన ‘విత్’ చేరితే

ప్రశ్న: మారతహళ్లిలో ఫ్రెండ్స్‌తో కలిసి రూమ్‌లో ఉంటున్నాను. ఇంటర్వ్యూలో ఎక్కడ ఉంటున్నావని అడిగితే ‘ఐయామ్ పుటింగ్ అప్ విత్ మై ఫ్రెండ్స్’ అన్నాను. అడిగినాయన నవ్వారు. ఏం తప్పన్నాను?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ‘ఫ్రెండ్స్‌తో ఉంటున్నా’ అనబోయి ‘ఫ్రెండ్స్‌ని భరిస్తున్నా’ అనేశారండీ. ‘పుట్’ అంటే పెట్టడం. ‘పుట్ అప్’ అంటే ఒకటి రెండు రోజులు బస చేయడం, బస ఇవ్వడం కూడా. దానికి ‘విత్’ తగిలితే సహించడం, ఓర్చుకోవడం. సిల్క్ బోర్డ్ జంక్షన్లో గంటసేపు ఇరుక్కున్నవాళ్లు ట్రాఫిక్ గురించి అనాల్సిన మాట అది. ‘విత్’ కనిపించగానే మనకు ‘తో’ గుర్తొస్తుంది, పొరపాటు అక్కడే. ఆ మూడు మాటలూ కలిసి ఒకే క్రియ, విడదీసి అర్థం చెప్పుకోకూడదు. నెలల తరబడి ఉండే చోటికి ‘పుటింగ్ అప్’ అనడం మన దేశంలో బాగా వాడుకలో ఉంది కానీ, ‘ఐ లివ్ విత్ మై ఫ్రెండ్స్ ఇన్ మారతహళ్లి’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

తెలుగులో ఈ మార్పు క్రియ చివర జరుగుతుంది. పిల్లాణ్ణి చూడు, పిల్లాణ్ణి చూసుకో: ఎంత తేడా! ఇంగ్లిష్‌లో ఆ తేడా పక్కనున్న చిన్న మాట తెస్తుంది. ‘లుక్ ఎట్’ చూడటం, ‘లుక్ ఆఫ్టర్’ చూసుకోవడం, ‘లుక్ ఇంటూ’ ఆరా తీయడం, ‘లుక్ ఫర్’ వెతకడం. ఈ చివరిదానితో మనవాళ్లకు మరీ ఇబ్బంది. బస్టాప్‌లో నిలబడి ‘నీకోసం చూస్తున్నా’ అనడానికి ‘ఐయామ్ లుకింగ్ ఫర్ యూ’ అంటే, మీరు కనబడక వెతుకుతున్నానని అవతలివారికి అర్థమవుతుంది. ఎదురుచూపులకు ‘వెయిటింగ్ ఫర్’ వాడండి.

ప్రశ్న: ‘పుట్ ఇట్ ఆఫ్’ ఒప్పయితే ‘లుక్ ఇట్ ఇంటూ’ ఎందుకు తప్పు?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. అందులో ‘ఆఫ్’ ప్రిపొజిషన్ (నామవాచకానికో సర్వనామానికో ముందొచ్చే చిన్న మాట) కాదు, క్రియకు అంటుకున్న యాడ్వర్బ్ (క్రియా విశేషణం). అందుకే అది చోటు మారగలదు: ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ సరైనవే. అదే ‘ఇట్’, ‘దెమ్’ లాంటి సర్వనామమైతే మధ్యలోనే కూర్చోవాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. ‘లుక్ ఇంటూ’లో ‘ఇంటూ’ అసలైన ప్రిపొజిషన్. దాని కర్మ దాని వెనకే రావాలి కాబట్టి ‘లుక్ ఇంటూ ఇట్’ ఒక్కటే ఒప్పు. అనుమానమొస్తే లెర్నర్స్ డిక్షనరీ (ఇంగ్లిష్ నేర్చుకునేవారి నిఘంటువు) తెరిచి ‘సంథింగ్’ ఎక్కడ వేశారో చూడండి. ‘పుట్ సంథింగ్ ఆఫ్’ అని మధ్యలో ఉంటే విడదీయొచ్చు, ‘లుక్ ఇంటూ సంథింగ్’ అని చివర ఉంటే విడదీయకూడదు.

ఇంకొకటి, ‘పుట్ ఆఫ్’ వాయిదా, ‘కాల్ ఆఫ్’ రద్దు. మీటింగ్‌ను గురువారానికి మార్చి, మెయిల్‌లో ‘కాల్డ్ ఆఫ్’ అని రాస్తే గురువారం ఎవరూ రారు.