దవడ ఆపరేషన్ పేషెంట్‌కి మొదటి రాత్రి

చెల్లీ,

దవడ సరిచేసే ఆపరేషన్ పేషెంట్ నీ చేతికి వచ్చినప్పుడు హ్యాండోవర్‌లో (డ్యూటీ అప్పగించేటప్పుడు) ముందు అడగాల్సింది: పై పళ్లనీ కింది పళ్లనీ కలిపి వైర్లతో కట్టారా, ఎలాస్టిక్స్‌తోనా (రబ్బరు బ్యాండ్లతోనా)? ఎలాస్టిక్స్‌కి చిన్న కత్తెర చాలు. వైర్లయితే వాటిని కోసే కట్టర్‌ని మంచం తలవైపు టేపుతో అంటించు. ట్రాలీ సొరుగులో ఉన్న కట్టర్ లేనట్టే లెక్క. ఏవి కొయ్యాలో సర్జన్‌తోనే చూపించుకో. పై పళ్లనీ కింది పళ్లనీ కలిపే నిలువు వైర్లే కొయ్యాలి, పంటి వరుస వెంట పోయే బార్ (లోహపు పట్టీ) జోలికి వెళ్లకు.

అందరూ భయపడేది వాంతికి. ఆపరేషన్‌లో మింగిన రక్తం కడుపులో తిప్పుతుంది, నల్లగా వస్తే కంగారుపడకు. వెంటనే ముందుకు వంచు, లేదా పక్కకు తిప్పు. కడుపులో ఉన్నది నీళ్లే కాబట్టి పళ్ల సందుల్లోంచి వచ్చేస్తుంది. సక్షన్ గొట్టం (నోట్లోని ద్రవాన్ని పీల్చేది) మెత్తనిది తీసుకుని, చెంపకీ పళ్లకీ మధ్యగా చివరి దంతం దాకా పోనివ్వు, కుట్లకు తగలనివ్వకు. అప్పటికీ ఊపిరి ఆడకపోతేనే వైర్లు కొయ్యి. ముక్కలు గొంతులోకి జారకుండా ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టు.

తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచు. పేషెంట్ అదేపనిగా గుటకలు వేస్తుంటే టార్చ్ పట్టి గొంతు చూడు, లోపల రక్తం కారుతూ ఉండొచ్చు. మంచం మీద కుదురుగా ఉండట్లేదని నిద్ర ఇంజెక్షన్ అడగడం పెద్ద తప్పు. ముందు సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూడు. నోరు తెరవలేని మనిషి చెప్పగలిగేది ఆ కదలికతోనే. చేతికి పలకో, కాగితం, పెన్నో ఇవ్వు.

వాపు రెండో, మూడో రోజుకి బాగా పెరుగుతుంది. ఇంటివాళ్లకి ముందే చెప్పకపోతే హడలిపోతారు. మొదటి రోజు ఐస్ 20 నిమిషాలు పెట్టి, అంతసేపే తీసెయ్యి. పై దవడ కోసినవాళ్లు ముక్కు చీదకూడదు.

తిండి సంగతి. కూర్చోబెట్టి, సిరంజికి పొట్టి రబ్బరు గొట్టం తగిలించి, చెంప పక్కనుంచి 10 మి.లీ. చొప్పున పట్టు. మింగాకే తర్వాతిది. వడకట్టిన రాగి జావ, పప్పుకట్టు, పల్చని మజ్జిగ సరిపోతాయి. కింది దవడ ఆపరేషన్ తర్వాత పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటాయి, కాలినా తెలియదు. జావ నీ మణికట్టు మీద చుక్క వేసి చూశాకే ఇవ్వు. తిన్న ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించాలి. క్లోర్‌హెక్సిడిన్‌కీ (పుక్కిలించే క్రిమినాశక మందు) టూత్‌పేస్టుకీ అరగంట ఎడం ఉండాలి, లేకపోతే మందు సరిగా పనిచేయదు.

డిశ్చార్జి రోజున కట్టర్ ఇంటివాళ్ల చేతికిచ్చి, ఏ వైర్లు కొయ్యాలో వాళ్లచేత వేలుపెట్టి చూపించుకో. చూపించలేకపోతే మళ్లీ నేర్పు, అంతవరకు కాగితాలు ఇవ్వకు.

నీ అక్క