లెక్కల డిపార్ట్‌మెంట్ ఎలాంటిదో బోర్డు దగ్గరే తెలిసిపోతుంది

మీరడిగింది ఇదీ: "మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చదవాలని ఉంది. విద్యార్థుల్ని బాగా చూసుకునే డిపార్ట్‌మెంట్‌లో చేరమని అందరూ అంటున్నారు. బాగా చూసుకోవడమంటే అసలేమిటి? చేరకముందే ఎలా పసిగట్టాలి?"

నేను డిగ్రీ ఒక యూనివర్సిటీలో, పీజీ మరో యూనివర్సిటీలో చేశాను. పేర్లు చెప్పను. రెండుచోట్లా సిలబస్ ఇంచుమించు ఒకటే. పాఠాలు చెప్పినవాళ్లు కూడా ఒకరిద్దరు తప్ప అందరూ సబ్జెక్టు ఉన్నవాళ్లే. అయినా మొదటిచోట మూడేళ్లలో నేను క్లాసులో అడిగిన ప్రశ్నలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రెండోచోట మొదటి నెలలోనే అంతకుమించి అడిగాను. ఆ మధ్యలో నాకేమీ కొత్తగా ధైర్యం పుట్టుకురాలేదు.

మొదటిచోట సంగతి ముందు చెప్తాను. రియల్ అనాలిసిస్ (లిమిట్లు, కంటిన్యుయిటీ లాంటివాటిని రుజువులతో చదివే సబ్జెక్టు) క్లాసులో లేచి, "సార్, ముందు ఎప్సిలాన్ ఇచ్చి డెల్టా వెతకాలా, డెల్టా ఇచ్చి ఎప్సిలాన్ వెతకాలా?" అని అడిగాను. ఫంక్షన్ విలువ ఎంతలోపు మారొచ్చో చెప్పేది ఎప్సిలాన్, అందుకు ఎక్స్‌ను ఎంతలోపు కదపొచ్చో చెప్పేది డెల్టా. పిచ్చి ప్రశ్నేం కాదు, ఆ కోర్సులో సగం ఆ వరుస మీదే నిలబడింది. సార్ సుద్దముక్క కింద పెట్టి, "ఇది కూడా తెలియకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చావు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగంమందికి జవాబు తెలియదని పరీక్షలప్పుడు బయటపడింది, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నేను ప్రూఫులు బట్టీ పట్టడం మొదలుపెట్టాను. మార్కులు వచ్చాయి కూడా. నన్ను నిజంగా ముంచింది ఆ మార్కులే. నాకు అనాలిసిస్ వచ్చేసిందనుకున్నాను.

పీజీలో వారానికి ఒకసారి రెండు గంటల ప్రాబ్లం సెషన్ ఉండేది. అది నడిపే మేడమ్ ఒకే ఒక్క నియమం పెట్టారు. పూర్తి చేసిన జవాబుతో బోర్డు దగ్గరికి రాకూడదు. పిలిస్తే, ఎంతవరకు వచ్చిందో అంతతోనే రావాలి. రెండో వారం నా వంతు. ఎక్స్ స్క్వేర్ అనే ఫంక్షన్ మొత్తం రియల్ లైన్ మీద యూనిఫార్మ్‌గా కంటిన్యుయస్ అవుతుందా? అవుతుందని రాసి, ధీమాగా ప్రూఫ్ మొదలుపెట్టాను. ఒక ఎప్సిలాన్ తీసుకున్నాను, ఒక ఎక్స్ తీసుకున్నాను. ఎప్సిలాన్‌ను "రెండు రెట్ల మాడ్ ఎక్స్ ప్లస్ ఒకటి"తో భాగించి, దానికీ ఒకటికీ ఏది చిన్నదైతే అది డెల్టా అన్నాను. ఆల్జీబ్రా అంతా చక్కగా కుదిరింది. వెనక్కి తిరిగి మేడమ్ వైపు చూశాను.

ఆవిడ తప్పనలేదు, డస్టర్ ముట్టుకోలేదు. డెల్టా చుట్టూ ఒక సున్నా చుట్టి, "ఈ డెల్టా ఎవరి మాట వింటోంది?" అన్నారు.

"ఎప్సిలాన్ మాట మేడమ్."

"ఒక్క ఎప్సిలాన్ మాటేనా?"

నాకు తట్టలేదు. ఎవరూ అందించలేదు, ఆవిడ అందించనివ్వలేదు. ఒక నిమిషం అలాగే నిలబడ్డాను. అప్పుడు ఎప్సిలాన్ ఒకటి అనుకుని లెక్క వేయమన్నారు. ఎక్స్ 1 దగ్గర డెల్టా 0.41 దాకా పెట్టుకోవచ్చు. 100 దగ్గర 0.005కి దిగిపోయింది. 1000 దగ్గర 0.0005. ఎక్స్ దూరం పోయేకొద్దీ డెల్టా కరిగిపోతోంది. యూనిఫార్మ్ అనాలంటే అన్ని ఎక్స్‌లకూ ఒకటే డెల్టా సరిపోవాలి, అలాంటిది ఒక్కటి కూడా మిగలదు. అంటే జవాబు "కాదు".

తల దించుకుని సుద్ద పెట్టేయబోతుంటే మేడమ్ ఒక మాట అన్నారు, అది ఇప్పటికీ గుర్తుంది. "నువ్వు రాసింది తప్పు ప్రూఫ్ కాదు. వేరే థీరమ్‌కి కరెక్ట్ ప్రూఫ్. ఆ థీరమ్ ఏమిటో కింద రాసి వెళ్లి కూర్చో." రాశాను: ఎక్స్ స్క్వేర్ ప్రతి బిందువు దగ్గరా కంటిన్యుయస్.

ఆ తర్వాత ఆవిడ ఫ్రెంచి గణితవేత్త కోషీ గురించి చెప్పారు. కంటిన్యుయస్ ఫంక్షన్లను అంతులేకుండా కూడుతూ పోయే సిరీస్ కన్వర్జ్ అయితే, అంటే ఒక విలువకు చేరితే, దాని మొత్తం కూడా కంటిన్యుయస్ అవుతుందని కోషీ 1821లో ప్రూఫ్‌తో సహా రాశాడు. 1826లో ఏబెల్ అనే కుర్రవాడు ఒక సైన్ సిరీస్ చూపించి, దీనికి ఆ థీరమ్ వర్తించడం లేదే అన్నాడు. ఒక్కో బిందువుకు ఒక్కోటి దొరకడం వేరు, అన్ని బిందువులకూ ఒకటే దొరకడం వేరు. అక్కడ తేలింది అదే. యూనిఫార్మ్ కన్వర్జెన్స్ అనే మాట ఆ సందులోంచే పుట్టింది. కోషీ జారినచోటే నేనూ జారానని తెలిశాక సిగ్గు కాస్త తగ్గింది. కాస్త గర్వం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

నేను "బాగా చూసుకోవడం" అనేది దీన్నే. అది మార్కులు చేతికి ఎముక లేనట్టు ఇవ్వడం కాదు. అదే మేడమ్ నాకు మొదటి ఇంటర్నల్‌లో 50కి 19 ఇచ్చారు. కాకపోతే పేపరులో ప్రతి తప్పు పక్కనా "ఇక్కడిదాకా సరే" అని గీత గీసి, ఏ వరుసలో బండి పట్టాలు తప్పిందో చూపించారు. మితిమీరిన మంచితనం కూడా చూశాను. ఒక సార్ ఉండేవారు, మనం నొసలు ముడివేస్తే చాలు జవాబు చెప్పేసేవారు. ఆయనంటే అందరికీ ప్రాణం. ఆయన కోర్సులో నేను నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోకండి. 1970లలో అమెరికాలోని బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ అనే ఆయన కాలిక్యులస్‌లో కొందరు విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో తెలుసుకుందామని, వాళ్లు చదువుకునేచోటికే వెళ్లి గమనించాడు. కష్టపడకపోవడం కారణం కాదని తేలింది. వెనకబడిన నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఒంటరిగా చదువుకుంటున్నారు. బాగా చేస్తున్న చైనీస్ మూలాల విద్యార్థులు ఒంటరిగా చదివాక ఒకచోట చేరి, ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటున్నారు. ట్రైస్‌మన్ అప్పుడు వెనకబడినవాళ్లకు తేలిక లెక్కలతో రిపేరు క్లాసులు పెట్టలేదు. గుంపుగా కూర్చోబెట్టి మరింత కఠినమైన లెక్కలు ఇచ్చాడు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. మా ప్రాబ్లం సెషన్ ఎందుకు పనిచేసిందో ఇది చదివాకే నాకు అర్థమైంది.

స్టాటిస్టిక్స్ విషయంలో ఇంకో మెలిక ఉంది. అక్కడ లెక్క సరిగ్గా వచ్చి కూడా జవాబు తప్పవచ్చు. మొదటి వారంలో మాకు కిడ్నీ రాళ్ల చికిత్స మీద 1986లో వచ్చిన నిజమైన డేటా ఇచ్చారు. ఒక చికిత్సలో 350 మందికి 273 మంది బాగయ్యారు, అంటే 78 శాతం. రెండోదాంట్లో 350కి 289, అంటే 83 శాతం. ఏది మేలు? అందరం చేతులెత్తి రెండోదే అన్నాం. సార్ ఏమీ అనకుండా రాయి సైజును బట్టి విడదీసిన పట్టిక పంచారు. చిన్న రాళ్లలో మొదటిది 93 శాతం, రెండోది 87. పెద్ద రాళ్లలో మొదటిది 73, రెండోది 69. రెండు గుంపుల్లోనూ మొదటిదే పైచేయి, కలిపితే మాత్రం ఓడిపోతోంది! పెద్ద రాళ్లున్న మొండి కేసులన్నీ ఎక్కువగా మొదటి చికిత్సకే వెళ్లాయి, అదీ మర్మం. దీన్నే సింప్సన్స్ పారడాక్స్ అంటారని తర్వాత చెప్పారు. ముందు పేరు చెప్పి, తర్వాత ఉదాహరణ ఇచ్చి ఉంటే పరీక్షకి రాసేసి మర్చిపోయేవాళ్లం. అందరితో కలిసి తప్పు చేయించారు కాబట్టి ఇప్పటికీ ఏ శాతం చూసినా "దీన్ని విడదీస్తే?" అనిపిస్తుంది.

ప్రశ్న అడగనిచ్చే క్లాసు వల్ల విద్యార్థికే లాభం అనుకోకండి. స్టాటిస్టిక్స్ పండితుడు సి. ఆర్. రావు గారు 1944లో కలకత్తాలో పాఠం చెబుతూ, పెద్ద శాంపిళ్లకు ఫిషర్ అనే బ్రిటిష్ స్టాటిస్టీషియన్ చెప్పిన ఫలితం ఒకటి వివరించారట. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్లకు ఇలాంటిది లేదా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని రుజువు చేసి మర్నాడు క్లాసులో చెప్పారు. ఈ రోజు స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్లూ నేర్చుకునే క్రామేర్-రావు ఇనీక్వాలిటీ (ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రం) అదే, 1945లో అచ్చయింది.

ఇక ఎలా పసిగట్టాలంటే, వెబ్‌సైటులో ఉన్న ఫొటోలు, పేపర్ల సంఖ్య చూసి లాభం లేదు. మొదటి సంవత్సరం కోర్సులు ఎవరు చెబుతారో కనుక్కోండి. అనుభవం ఉన్నవాళ్లు పీజీకే పరిమితమై, మొదటేడాదిని ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి అంటగడుతుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. వీలైతే డౌట్స్ చెప్పే గంటలో ఒకసారి అటు నడిచి చూడండి. గది ముందు ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని వాదించుకుంటుంటే శుభం. తలుపు తీసే ఉండి కూడా లోపల ఎవరూ లేకపోతే, అక్కడ ఎవరికీ డౌట్లు లేవని కాదు. స్టాటిస్టిక్స్ అయితే ఇంకొకటి అడగండి: వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లు తెచ్చిన నిజమైన డేటా మీద విద్యార్థులు పనిచేస్తారా, లేక పుస్తకంలోని పట్టికలతోనే సరిపెడతారా? ఫెయిలైనవాళ్లను ఏం చేస్తారని కూడా అడగండి. మొహమాటపడకండి, ఆ ప్రశ్నకి జవాబు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది.

వీటన్నిటికంటే నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. అక్కడ చదువుతున్న ఎవరినైనా పట్టుకుని, "చివరిసారి క్లాసులో తప్పు జవాబు ఎప్పుడు చెప్పావు? అప్పుడేమైంది?" అని అడగండి. నా పీజీ జూనియర్‌ని అడిగితే, నిన్ననే అంటూ పావుగంట ఆ లెక్క గురించే చెప్పింది. డిగ్రీ చదివినచోటి కుర్రాణ్ణి కూడా ఆ మధ్య ఇదే అడిగాను. కాసేపు ఆలోచించి, "మేం తప్పు చెప్పం అన్నా," అన్నాడు. "అసలు ఏమీ చెప్పం."