డాక్టర్ సలహా: మాసికం నాడు వణుకు, రాత్రుళ్లు గుండెల మీద బరువు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. వయసు 48. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. రెండు నెలల కిందట నాన్న పోయారు. పెద్దకర్మ దానాలకు, భోజనాలకు అప్పు చేశాను. మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి. సంవత్సరీకం కూడా అంత ఘనంగా చెయ్యాలని పార్వతీపురం నుంచి పెదనాన్నగారి ఫోన్లు. రాత్రుళ్లు నిద్ర పట్టదు, గుండెల మీద బరువు. మొన్న మాసికం నాడు చెమటలు పట్టి, చేతులు వణికి పడిపోబోయాను. గుండెజబ్బా?

జవాబు: ముందు మాసికం నాటి సంగతి. అది గుండె కన్నా మీ మాత్ర పనే అనిపిస్తోంది. పొద్దున్నే గ్లిమిపిరైడ్ వేసుకుని, పిండాలు పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చుని ఉంటారు. పంతులుగారు ఇంకో ఇంట్లో ముగించుకుని వచ్చేసరికి ఒంటిగంట. మీరు తిన్నా తినకపోయినా ఆ మాత్ర షుగర్‌ని దించుతూనే ఉంటుంది. 70 కన్నా తగ్గితే మీరు రాసినట్టే చెమట, వణుకు, దడ. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకుని, పెరగకపోతే ఇంకోసారి తాగాలి. వచ్చే మాసికానికి ముందే ఆ పూట మాత్ర సంగతి మీ డాక్టర్‌తో తేల్చుకోండి. పాలూ పండూ తీసుకోవచ్చా అని పంతులుగారినీ అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

గుండెల మీద బరువు వేరు. అది దిగులేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ఈసీజీ తీయించి, బీపీ చూపించుకోండి. నడిస్తే ఎక్కువైనా, దవడకో చేతికో పాకినా వెంటనే 108.

అవి బాగుంటే మిగిలింది దిగులు. విస్తళ్లెన్ని, శయ్యదానానికి మంచం ఎక్కడ అని పన్నెండు రోజులూ తిరిగినవాడికి తండ్రి కోసం ఏడ్చే తీరికెక్కడిది? ఆ ఏడుపు ఇప్పుడు రాత్రిపూట వడ్డీ లెక్కతో కలిసి వస్తోంది. మందుల షాపులో నిద్రమాత్రలు మాత్రం అడిగి కొనకండి. రెండు వారాలకు పైగా ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, చచ్చిపోతే బాగుండునని ఒక్కసారి అనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక పెదనాన్నగారు. ఫోన్లో ఆయన్ని ఒప్పించలేరు. రైలెక్కి వెళ్లి అప్పు కాగితాలు ఆయన ముందు పెట్టండి. అడవిలో ఉన్న రాముడు దశరథుడికి రేగుపళ్లు కలిపిన గారకాయల పిండితోనే పిండం పెట్టాడు. పెద్దవాళ్లకు నా మందుచీటీ కన్నా ఆ మాట బాగా ఎక్కుతుంది. అప్పటికీ వినకపోతే డాక్టర్ వద్దన్నాడని నా మీద వేసెయ్యండి. సంవత్సరీకానికి పిండం, భోక్తలు, ఇంటివాళ్ల భోజనం. అంతకు మించితే గాజులు విడిపించాకే.